లివర్ గడ్డ: సెంటీమీటర్ల తర్వాత చూడాల్సినవి

విజయవాడ సూర్యారావుపేటలో స్కాన్ సెంటర్ మెట్లు దిగుతూ కవరు విప్పే ఎవరైనా రిపోర్టులో ముందు వెతికేది గడ్డ ఎన్ని సెంటీమీటర్లుందనే. నాలుగున్నర అంటే గుండె జారిపోతుంది, రెండు అంటే హమ్మయ్య అనుకుంటారు. లివర్ క్యాన్సర్‌లో ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. నున్నటి అంచుతో ఒక్కటే ఉన్న నాలుగున్నర సెం.మీ. గడ్డ కంటే, పోర్టల్ వెయిన్‌లోకి (పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పెద్ద సిర) తల దూర్చిన రెండున్నర సెం.మీ. గడ్డే ప్రమాదం.

అసలు స్కాన్ సరిగ్గా తీశారా? మామూలు సీటీ చాలదు, ట్రిపుల్ ఫేజ్ (కాంట్రాస్ట్ ఎక్కించాక మూడు వేర్వేరు సమయాల్లో బొమ్మలు తీసే సీటీ) కావాలి. లివర్‌కు నాలుగింట మూడొంతుల రక్తం పోర్టల్ వెయిన్ తెస్తే, లివర్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే హెపటోసెల్యులార్ కార్సినోమా (హెచ్‌సీసీ) గడ్డ మాత్రం ధమని రక్తంతో బతుకుతుంది. అందుకే స్కాన్‌లో తెల్లగా కనపడే కాంట్రాస్ట్ మందు ఎక్కించాక సుమారు 35 సెకన్లకు, అంటే ధమని దశలో, గడ్డ వెలుగుతుంది. 70 సెకన్ల దగ్గరా, మళ్లీ మూడు నుంచి ఐదు నిమిషాలకూ తీసిన బొమ్మల్లో చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడుతుంది. ఈ ఆరిపోవడమే రిపోర్టులో కనిపించే 'వాషవుట్'. మొదటి బొమ్మ తొందరపడి తీస్తే గడ్డ వెలగకుండానే దాటిపోతుంది. టైమింగ్ కుదిరిందో లేదో ఫిల్మే చెబుతుంది: పోర్టల్ వెయిన్‌లో కాస్త కాంట్రాస్ట్ ఉండాలి, లివర్ నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లే హెపాటిక్ వెయిన్స్‌లో ఇంకా రాకూడదు.

సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) గానీ దీర్ఘకాలిక హెపటైటిస్-బి గానీ ఉన్నవాళ్లలో సెంటీమీటరు దాటిన గడ్డ ఇలా నిండుగా వెలిగి ఆరితే బయాప్సీ లేకుండానే హెచ్‌సీసీ అని తేల్చవచ్చు. నడుమ వెలగక అంచు మాత్రమే ఉంగరంలా వెలిగితే కథ వేరు. పిత్తనాళ క్యాన్సరో, మరోచోటి నుంచి పాకినదో కావచ్చు. హెచ్‌సీసీయే అయినా దూకుడు రకమని అనుమానించాలి. అక్కడ బయాప్సీ మాట వస్తుంది.

ఇక అంచు. నిమ్మకాయలా గుండ్రంగా, చుట్టూ పొరతో ఉంటే కొంత నయం. అల్లం కొమ్ములా బుడిపెలు బుడిపెలుగా ఉన్నా, పక్కన పిల్ల గడ్డలున్నా, కంటికి కనపడని సన్న రక్తనాళాల్లోకి క్యాన్సర్ చేరి ఉండే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ బాగా జరిగినా గడ్డ తిరిగి రావడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. నా మటుకు సైజు కంటే ముందు చదవాల్సిన వాక్యం ఇదే, కానీ చాలా రిపోర్టుల్లో అంచు గురించి ఒక్క ముక్కైనా ఉండదు. అడిగి రాయించుకోవాలి.

పోర్టల్ వెయిన్‌లో గడ్డకట్టిందనగానే బెంబేలు పడక్కర్లేదు. సిరోసిస్‌లో రక్తం మందగించి మామూలు రక్తపు గడ్డా కట్టవచ్చు. సిర ఉబ్బి, లోపలి గడ్డ కూడా ధమని దశలో వెలిగితే మాత్రం అది క్యాన్సరే. అప్పుడు దశ మారుతుంది, ఎక్కువమందికి ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే మందులు) వైపు వెళ్లాల్సి వస్తుంది. దానితో బెవాసిజుమాబ్ (గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు) కలిపి ఇస్తే రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి, అన్నవాహికలో ఉబ్బిన సిరలు ఉన్నాయేమో ముందు ఎండోస్కోపీతో చూస్తారు.

సైజుకు విలువే లేదని కాదు. లివర్ మార్పిడికి 1996లో వచ్చిన మిలాన్ ప్రమాణాలు సెంటీమీటర్ల మీదే నిలబడ్డాయి: ఒక్కటైతే 5 సెం.మీ. లోపు, మూడు దాకా ఉంటే ఒక్కొక్కటీ 3 సెం.మీ. లోపు. కానీ పెద్ద రక్తనాళాల్లోకి పాకకూడదనే షరతూ అందులోనే ఉంది.

గడ్డతో పాటు మిగతా లివర్‌నూ చూడాలి. బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష), పొట్టలో నీరు, మతి తప్పడం: ఈ ఐదింటితో వేసే చైల్డ్-ప్యూ స్కోరు 5–6 (లివర్ బాగానే పనిచేస్తున్నట్టు) ఉన్న మనిషికీ, 10 దాటిన (బాగా దెబ్బతిన్నట్టు) మనిషికీ అదే 3 సెం.మీ. గడ్డ వేర్వేరు జబ్బుల కింద లెక్క.

టేస్ (గడ్డకు రక్తమిచ్చే ధమనిలోకి మందు పంపి దాన్ని మూసేసే చికిత్స) చేయించాక 'గడ్డ అలాగే ఉంది కదండీ' అనే దిగులు చాలామందిది. చచ్చిన గడ్డ వెంటనే కరిగిపోదు. వెలిగే భాగం ఎంత మిగిలిందో అదే కొలవాలి. అందులో లిపియోడాల్ అనే నూనెలాంటి కాంట్రాస్ట్ వాడితే సీటీలో ఆ చోటంతా తెల్లగా ఉండి, మిగిలిన క్యాన్సర్‌ను కప్పేస్తుంది. అందుకే కాంట్రాస్ట్ లేని బొమ్మను పక్కన పెట్టుకుని చదవాలి, అయినా తేలకపోతే ఎంఆర్ఐ. పాత స్కాన్‌తో పోల్చడానికి ఫిల్ములు చాలవు, సీడీ కావాలి. కవర్లో అట్టల మధ్య ఇరుక్కుని ఉంటుంది, పారేయకండి.