నులిపురుగుల మాత్ర వేశాక ఆర్నెల్లలో ఏం జరుగుతుంది?

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో, జూనియర్ కాలేజీల్లో ఆల్బెండజోల్ మాత్ర వేస్తారు. రాష్ట్రాన్ని బట్టి తేదీ కాస్త అటూ ఇటూ జరుగుతుంది. 2015లో మొదలైన ఈ జాతీయ కార్యక్రమం ఏడాది వయసు నుంచి 19 ఏళ్ల దాకా అందరికీ వర్తిస్తుంది. మాత్ర చవకది, భద్రమైనది, పనిచేస్తుంది కూడా. చిక్కల్లా రిజిస్టర్లో టిక్కు పడగానే పురుగుల పని అయిపోయిందని అనుకోవడంలోనే ఉంది. ఆ మాత్ర ఆ రోజు పిల్లవాడి పేగుల్లో ఉన్న పురుగుల మీదే పనిచేస్తుంది. బడి వెనక కంచె పక్కన, చెరువు గట్టున, ఇంటి పెరట్లో మట్టిలో ఉన్న గుడ్లకు దానితో సంబంధమే లేదు.

పల్లె పిల్లల్లో ముఖ్యంగా కనిపించేవి మూడు: ఏలికపాములు, కొంకి పురుగులు, కొరడా పురుగులు. మూడూ మలంతో నేలలోకి చేరి, నేల నుంచే మళ్లీ ఒంట్లోకి వస్తాయి. ఏలికపాము 15 నుంచి 35 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఒక్క ఆడపురుగు రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు మలంతో బయటికొచ్చిన రోజున కడుపులోకి పోయినా ఏమీ కాదు. తడి మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉండి, లోపల లార్వా, అంటే పిల్లపురుగు, తయారయ్యాకే అది అంటుకుంటుంది. అప్పటికి వాన పడి, ఎండ కాసి, మలం ఆనవాలు కూడా మిగలదు. పిల్లలు గోళీలాడే ‘శుభ్రమైన’ మట్టే అసలు ప్రమాదం. నీడ, తేమ దొరికితే ఆ గుడ్లు ఏళ్ల తరబడి బతికి ఉంటాయి.

కొంకి పురుగు దారి వేరు. దాని గుడ్డు నేల మీద ఒకటి రెండు రోజుల్లో పొదుగుతుంది. ఐదు నుంచి పది రోజుల్లో లార్వా చర్మంలోకి దూరగలిగే దశకు వస్తుంది. ఉత్తికాళ్లతో తిరిగేవాళ్ల వేళ్ల సందుల్లోంచి లోపలికి పోతుంది. ఇసుక కలిసిన నేల, నీడ, తడి దానికి బాగా నచ్చుతాయి. కోనసీమ కొబ్బరితోటల్లాంటి చోట్లు దానికి అనువు. నడివేసవిలో బీటలువారిన రాయలసీమ చేలల్లో బతకడం దానికి కష్టం. అందుకే పక్కపక్క మండలాల్లో కూడా లెక్కలు ఒకలా ఉండవు.

ఇక మాత్ర సంగతి. ఆల్బెండజోల్ పురుగుకు గ్లూకోజు అందకుండా చేస్తుంది. పురుగు వెంటనే చావదు, కొన్ని రోజుల్లో నీరసించి పోతుంది. కొన్ని పేగులోనే కరిగిపోతాయి. కాబట్టి మర్నాడు మలంలో పురుగులు కనబడలేదని ‘మా వాడికి పురుగుల్లేవు’ అనుకోనక్కర్లేదు, ‘మందు పనిచేయలేదు’ అనుకోనక్కర్లేదు. ఏలికపాముల మీద ఒక్క మోతాదుకే నూటికి 95 మందికి నయమవుతుంది. కొంకి పురుగులకైతే నాలుగింట మూడొంతుల మందికి. కొరడా పురుగుల దగ్గరకొచ్చేసరికి మూడో వంతు మందికి కూడా పూర్తిగా పోవు. పూర్తిగా పోకపోయినా పురుగుల సంఖ్య తగ్గుతుంది, పిల్లవాడికి జరిగే హాని ఆ సంఖ్యను బట్టే ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. ఏలికపాము లార్వా మింగిన వెంటనే పేగులో స్థిరపడదు. రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరి, అక్కణ్నుంచి గొంతులోకి పాకి, మళ్లీ మింగుడుపడి పేగులోకి వస్తుంది. గుడ్డు మింగింది మొదలు కొత్త పురుగు గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మాత్ర వేసిన రోజున లార్వాలు ఊపిరితిత్తుల్లో ఉంటే ఆ ఒక్క మోతాదు వాటిని చంపదు. కొన్ని వారాలకు అవి పేగులో పెద్దవవుతాయి. దీనికి తోడు మట్టిలోంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. పారిశుద్ధ్యం మారని ఊళ్లలో, ఆర్నెల్లు తిరిగేసరికి ఏలికపాములున్న పిల్లల శాతం మొదటి స్థాయిలో మూడింట రెండొంతులకు, ఏడాదికి దాదాపు పూర్తిగా మొదటి స్థాయికి చేరుతుందని చాలా పరిశోధనలను కలిపి చూసిన లెక్కలు చెబుతున్నాయి. ఏడాదికి రెండుసార్లు వేయడం వెనక ఉన్న కారణం ఇదే. పిల్లల్లో 20 శాతం మించి ఉంటే ఏడాదికోసారి, 50 శాతం మించితే రెండుసార్లు వేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

కొంకి పురుగు చేసే నష్టం లెక్కేస్తే తెలుస్తుంది. మన దగ్గర కనిపించే రకాల్లో చిన్నదైన నెకేటర్ ఒక్కొక్కటి రోజుకు 0.03 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది. వంద పురుగులుంటే 3 మిల్లీలీటర్లు. హిమోగ్లోబిన్ 10 ఉన్న పిల్లకు ఆ రక్తంలో దాదాపు ఒక మిల్లీగ్రాము ఇనుము పోతుంది. కొంత పేగే తిరిగి తీసుకున్నా, అన్నం, పప్పు తినే పిల్ల ఒంటికి రోజంతా పట్టే ఇనుము కూడా దాదాపు అంతే. ఆంకైలోస్టోమా రకమైతే రక్తం ఐదారు రెట్లు ఎక్కువ పోతుంది. బలపాలు, సుద్దముక్కలు, మట్టి తినే పిల్లను తిట్టే ముందు హిమోగ్లోబిన్ చూడాలి. 5 నుంచి 11 ఏళ్ల వారికి 11.5 కంటే, 12 నుంచి 14 ఏళ్ల వారికి 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. పురుగుల మాత్ర రక్తాన్ని పెంచదు, కారడాన్ని ఆపుతుంది, అంతే. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర ఆపకూడదు. ప్రాథమిక బడి పిల్లలకు గులాబీ రంగుది, 10 ఏళ్లు దాటినవారికి నీలం రంగుది.

మాత్ర వేసే రోజు ఎక్కువ పొరపాట్లు జరిగేది వేసే తీరులోనే. 400 మిల్లీగ్రాముల మాత్రను నమిలించాలి. గబుక్కున మింగితే ముక్క అడ్డం పడే ప్రమాదం ఉంది. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు సగం మాత్రే, అంటే 200 మిల్లీగ్రాములు. రెండు చెంచాల మధ్య నలిపి, పొడి చేసి, నీళ్లలో కలిపి తాగించాలి. రెండు నుంచి మూడేళ్ల వారికి పూర్తి మాత్ర, అది కూడా నలిపే ఇవ్వాలి. మూడేళ్లు దాటితే పూర్తి మాత్ర టీచర్ కళ్ల ముందు నమిలి, నీళ్లు తాగాలి. ఏడుస్తున్న పిల్లల ముక్కు మూసి, నోరు తెరిపించి వేయడం చాలాచోట్ల చూస్తుంటాం. అది ప్రాణాంతకం. ఏడుపు ఆగేదాకా ఆగండి, ఆగకపోతే ఆ రోజుకు వదిలేయండి. వారం తర్వాత మాప్‌అప్ రోజు ఉన్నది ఇలాంటి వారి కోసమే.

‘ఇంటికి తీసుకెళ్లి వేసుకుంటాడు’ అని చేతిలో పెట్టి పంపకూడదు. జేబులోకి పోయిన మాత్ర నోట్లోకి పోతుందన్న నమ్మకం లేదు. జ్వరంగా ఉన్న పిల్లలకు, వేరే మందులు వాడుతున్నవారికి ఆ రోజు వేయకూడదు. ఫిట్స్ వచ్చే పిల్లలుంటే ముందే మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడాలి. బద్దెపురుగు తిత్తులు మెదడులో ఉంటే ఈ మందు ఇబ్బంది పెట్టవచ్చు. పదహారు, పదిహేడేళ్లకే పెళ్లయిన అమ్మాయిలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను పక్కకు పిలిచి, నెల తప్పిందేమో ఏఎన్ఎం అడగాలి. గర్భం మొదటి మూడు నెలల్లో ఈ మాత్ర వద్దు. నలుగురిలో అడిగితే ఎవరూ నిజం చెప్పరు.

మాత్రయ్యాక కొందరికి కడుపునొప్పి, వికారం, ఒకటి రెండు వాంతులు అవుతాయి. పురుగులు ఎక్కువున్న పిల్లల్లోనే ఇవి ఎక్కువ. నీడలో పడుకోబెట్టి, నీళ్లో ఓఆర్‌ఎస్సో తాగిస్తూ రెండు గంటలు గమనిస్తే సర్దుకుంటుంది. ఒకరు వాంతి చేసుకుంటే చూసిన పదిమందికీ కడుపులో తిప్పినట్టవుతుంది. మధ్యాహ్నానికి ‘మాత్రలు వికటించాయి’ అని వాట్సాప్‌లో వచ్చేది చాలావరకు ఇదే. వాంతైన పిల్లవాణ్ని వెంటనే వేరే గదిలోకి తీసుకెళితే సగం గొడవ ఉండదు. మాత్ర వేయకముందే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పి ఉంచితే మిగతా సగమూ ఉండదు.

రిజిస్టర్లో ఆ రోజు వేసినవారికి ఒక టిక్కు, మాప్‌అప్ రోజు వేసినవారికి రెండు టిక్కులు. శాతం లెక్క కట్టేటప్పుడు బడికి రాని పిల్లలు మొత్తం పిల్లల లెక్కలోంచే జారిపోతుంటారు. ఇటుకబట్టీల దగ్గర ఉండే పిల్లలు, పత్తి ఏరడానికి పోయి నెలల తరబడి రానివాళ్లు, బడి మానేసినవాళ్లు. ఉత్తికాళ్లతో ఎక్కువ తిరిగేదీ, ఆరుబయటకు ఎక్కువ పోయేదీ వీళ్లే. ఆశా కార్యకర్త ఇంటింటి జాబితా, బడి హాజరుపట్టీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు తప్పిపోయారో పది నిమిషాల్లో తేలుతుంది. ఇంకోటి: ఏలికపాములు, కొరడా పురుగులు బడి వయసు పిల్లల్లోనే ఎక్కువ, కొంకి పురుగులు మాత్రం పెద్దవాళ్లలోనూ బాగా ఉంటాయి. పిల్లలకు మాత్రమే వేస్తే తల్లిదండ్రుల నుంచి పొలంలోకి, పొలం నుంచి పిల్లల్లోకి చక్రం తిరుగుతూనే ఉంటుంది.

బయట చేయాల్సిన పనుల్లో బడి మరుగుదొడ్డికే నా మొదటి ఓటు. కట్టిన దొడ్డి కాదు, నీళ్లు వచ్చే దొడ్డి. ట్యాంకు ఎండిన మర్నాడే పిల్లలు కంచె వెనక్కి పోతారు. తర్వాతిది భోజనానికి ముందు సబ్బు. సబ్బు ఏలికపాము గుడ్డును చంపదు, దాని జిగట పట్టును వదిలించి నీళ్లతో పోగొడుతుంది. అందుకే సబ్బు రాయడంతో సరిపోదు, గోళ్ల కింద రుద్ది ధారగా నీళ్లు పోసి కడగాలి. నీళ్లలో వేసే క్లోరిన్ బిళ్లలను నమ్ముకోకండి. వాటికీ ఈ గుడ్లు చావవు. మరిగించడం, వడపోత పనిచేస్తాయి. రెండు గుంటల మరుగుదొడ్డిలో నిండిన గుంటను మూసి కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్లు వదిలేయాలి. ముందే తవ్వి ఆకుకూర మడికి ఎరువుగా చల్లితే గుడ్లను ఏరికోరి పళ్లెంలోకి తెచ్చుకున్నట్టే. చెప్పులు కొంకి పురుగును చాలావరకు ఆపుతాయి, ఏలికపాము గుడ్డును ఆపవు.

రాత్రిపూట మలద్వారం దగ్గర దురదగా ఉందంటే అవి వేరే పురుగులు, సన్నని తెల్లని పోగుల్లాంటి పిన్‌వార్మ్‌లు (వాడుకలో వీటినీ నులిపురుగులే అంటారు). ఇవి మట్టిలోంచి రావు. గోళ్లు, దుప్పట్లు, లోదుస్తుల ద్వారా ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పోతాయి. మల పరీక్షలో తరచూ దొరకవు. పొద్దున్నే, కడుక్కోకముందు, పారదర్శక టేపు అంటించి తీసి చూస్తేనే గుడ్లు కనబడతాయి. ఇంటిల్లిపాదికీ ఒకే రోజు మందు వేసి, రెండు వారాలకు మళ్లీ వేయాలి. బెల్లం తింటే పురుగులు పడతాయన్నది, ముఖం మీద తెల్లమచ్చలుంటే పురుగులున్నట్టేనన్నది నిజం కాదు. పళ్లు కొరకడం కూడా నమ్మదగ్గ గుర్తు కాదు.

మాత్ర వేసుకున్నా ఆగకుండా కంపుకొట్టే జిడ్డు విరేచనాలవుతుంటే అది పురుగు కాదు, జియార్డియా అనే సూక్ష్మజీవి కావచ్చు. బడిలో ఇచ్చే ఒక్క మోతాదుకు అది లొంగదు, పీహెచ్‌సీలో మల పరీక్ష చేయించాలి. నమూనా ఆ రోజుదే, మూత బిగించిన డబ్బాలో, మూత్రం కలవకుండా ఉండాలి. ఒక్క నమూనాలో ఏమీ లేకపోతే వేరే రోజుది మళ్లీ ఇవ్వాలి. అదే కడుపు బిర్రుగా ఉబ్బి, పచ్చని వాంతులై, దొడ్డికి రాక, గాలి కూడా పోకుండా ఉంటే ఏలికపాములు ఉండలు చుట్టి పేగును మూసేశాయని అనుమానించాలి. అప్పుడు ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి, నోటితో ఏమీ పెట్టకండి. 108కి ఫోన్ చేసి, సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.