రావిచెట్టు నాకు చెప్పకుండానే చిగురేసింది

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఐదున్నరకి అలారం మోగితే ఆపేసి మళ్ళీ ముసుగేశా. పది నిమిషాలకి ఎదురింటి పిన్నిగారు కింద నుంచి "అమ్మాయ్, వస్తున్నావా లేదా" అని ఒక్క కేకేసేసరికి లేచి మొహం మీద నీళ్ళు కొట్టుకుని, ఒక చెప్పు వేసుకుని రెండోది వెతుక్కుంటూ దిగా. ఆవిడకి అరవై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులని రోజూ చెప్తారు, గోదారి గట్టు ఎక్కాక మాత్రం నాకంటే పది అడుగులు ముందుంటారు. నాకేమో నలభై ఒకటి, షుగరు బోర్డర్లో ఉందని డాక్టరు రోజూ నలభై అయిదు నిమిషాలు నడవమన్నాడు. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ మాట వాట్సాప్ ఫార్వర్డ్ లాగే చూసి వదిలేశా. ఇప్పుడు అమ్మకి కంటి ఆపరేషన్ అని నెలన్నరకి రాజమండ్రి వచ్చి, ఇక్కణ్ణుంచే లాగిన్ అవుతున్నా కాబట్టి, పిన్నిగారి పుణ్యమా అని మూడు వారాల నుంచి నడుస్తున్నా.

చలి పోయినట్టే. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు, ఈసారి శివరాత్రి 15నే అయిపోయింది, మాట తప్పకుండా వెళ్ళిపోయింది. కాకపోతే గట్టెక్కగానే నీళ్ళ మీంచి వచ్చే గాలికి చెవులు చల్లబడతాయి, అది ఇంకో వారం ఉంటుందేమో. మా ఊళ్ళో ఓ తమాషా ఉంది, ఊరు తూర్పు ఒడ్డున కదా, సూర్యుడు గోదాట్లో మునుగుతాడు గానీ గోదాట్లోంచి రాడు. పొద్దున్న మనం గట్టు మీద నీడలోనే ఉంటాం, ఎండ ముందు ఆర్చి బ్రిడ్జి నెత్తిన పడి, అక్కణ్ణుంచి మెల్లిగా కిందకి దిగి, అవతల కొవ్వూరు వైపంతా తెల్లగా తెల్లారిపోయాక గానీ మన దాకా రాదు. పక్కన పాత హేవ్‌లాక్ బ్రిడ్జి ఇంకా నిద్రపోతున్నట్టే ఉంటుంది. దాని మీద రైళ్ళు 1997లో ఆపేశారు, నేనప్పుడు ఏడో క్లాసు. అంతకు ముందు దాని మీద వెళ్ళినప్పుడల్లా నాన్న కిటికీ దగ్గర సీటు నాకిచ్చి చేతిలో పావలా పెట్టేవాడు గోదారమ్మకి వెయ్యమని, నేనొకసారి వెయ్యకుండా దాచుకుని కొవ్వూరు స్టేషన్లో జీళ్ళు కొనుక్కున్నా. ఇన్నేళ్ళయినా ఆ బ్రిడ్జి చూస్తే ముందు ఆ పావలాయే గుర్తొస్తుంది. దాన్ని టూరిస్టు స్పాట్ చేస్తారని మాత్రం అప్పట్నుంచీ వింటూనే ఉన్నాం.

గోదారి ఇప్పుడు చూడ్డానికి నిండుగానే ఉంది. బయటి ఊరి వాళ్ళు వేసవి ముందు కూడా ఇన్ని నీళ్ళా అని ఆశ్చర్యపోతారు, కానీ అది పారే నీరు కాదు, కింద ధవళేశ్వరం బ్యారేజీ ఆపి నిలబెట్టిన నీరు, 1852లో కాటన్ దొర ఆనకట్ట కట్టి వెళ్ళినప్పట్నుంచి ఈ ఊరి ముందు గోదారిది ఇదే వేషం. ఈ నెలల్లో పై నుంచి వచ్చేది తక్కువే, ఎగువన సీలేరు ప్రాజెక్టు నుంచి వదిలే నీళ్ళు కూడా కలిస్తేనే డెల్టాలో దాళ్వా, అంటే రెండో పంట వరి, గట్టెక్కేది. ఈ విషయం నాకు నిన్నటిదాకా తెలీదంటే నమ్మండి, ఇక్కడే పుట్టి పెరిగిన దాన్ని. పిన్నిగారికి ఆలమూరు దగ్గర ఎకరంన్నర కౌలుకిచ్చింది ఉంది, చేను పొట్ట మీదుందట, అందుకని ఆవిడ రోజూ గట్టెక్కగానే రేవు మెట్ల దగ్గర ఆగి నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయో చూసి, "నిన్నటి మీద ఒక్క బెత్తెడు తగ్గింది" అని నాకు రిపోర్టిచ్చి కదుల్తారు. నేను ఫోన్లో స్టెప్పులు లెక్కపెట్టుకుంటా, ఆవిడ మెట్లు లెక్కపెట్టుకుంటారు.

గట్టు పక్క పార్కులో ఈ వారం కాగితం పూల సీజను. ఆకు కనబడకుండా పూసేసింది, ఆ రాణి రంగు చూస్తే పెళ్ళిలో వియ్యపురాలి పట్టుచీరే గుర్తొస్తుంది, కొంచెం ఎక్కువైంది కానీ ఎవరూ అనరు. కానుగ చెట్లు సగం రాల్చాయి సగం వేశాయి, కొత్త ఆకు లేత నిమ్మకాయ రంగులో జిగురు పూసినట్టు మెరుస్తోంది. వేపకి ఇంకా పూత రాలేదు, ఉగాది మార్చి 19 కదా, ఈలోగా రాకపోతే పచ్చట్లోకి ఏం చేస్తారని పిన్నిగారికి ఇప్పట్నుంచే బెంగ. కోయిల ఐదు రోజుల నుంచి మొదలెట్టింది. దానికంటే నాకు కంసాలి పిట్ట ఎక్కువ నచ్చింది. ఆకుపచ్చగా పిడికెడు కూడా ఉండదు, నుదుటి మీద బొట్టు పెట్టినట్టు ఎర్రగా, ఎండుకొమ్మ చివర కూచుని టుక్ టుక్ టుక్ అని ఒకే శృతిలో అలా కొడుతూనే ఉంటుంది, బంగారప్పని చేసేవాళ్ళు చిన్న సుత్తితో కొట్టినట్టే. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు ఎవరింట్లోనో మోటారు అనుకునేదాన్ని.

లాఫింగ్ క్లబ్బు పెద్దాయన్లు చేతులెత్తి హహ్హహ్హ అని నవ్వుతుంటే వాళ్ళ కుక్క మాత్రం సీరియస్‌గా చూస్తుంది. రాగి జావ బండి దగ్గర క్యూ. నేను కూడా గ్లాసు తాగుతా, తాగి ఆరోగ్యం సంపాదించేశానని ఇంటికెళ్ళి మూడు పెసరట్లు తింటా, లెక్క సరిపోతుంది. పిన్నిగారికివాళ ఏకాదశి, జావ కూడా వద్దన్నారు.

ఇంతకీ రాయాలనుకుంది రావిచెట్టు గురించి, ఎక్కడికో పోయా.

రేవు పక్కన అరుగు కట్టిన రావిచెట్టు ఒకటుంది. నేను వచ్చిన మొదటి రోజుల్లో ఆకులన్నీ పండి పసుపెక్కి ఉన్నాయి. తర్వాత రాలడం మొదలెట్టింది, అది కూడా గాలొస్తే రాలడం కాదు, గాలి లేకపోయినా ఒక్కో ఆకూ తోక ఊపుకుంటూ దిగేది, ఊడ్చే ఆవిడ అరుగు ఇటు నుంచి అటు ఊడ్చి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ నిండిపోయేది, ఆవిడ చెట్టు వంక చూసి ఒక మాట అనేది, ఇక్కడ రాయలేను. పోయిన వారానికి మోడు. ఆకాశంలో వేళ్ళు తిరగేసి పెట్టినట్టు ఒట్టి కొమ్మలు.

అప్పుడు నాకొక పిచ్చి పుట్టింది. నలభై ఒక్కేళ్ళు వచ్చాయి, చెట్టు చిగురెయ్యడం ఎప్పుడైనా చూశానా? వేశాక చూశా. ఎండిపోయినప్పుడు చూశా. మధ్యలో ఆ రోజు ఎప్పుడూ నాకు దొరకలేదు. ఆఫీసు క్యాబ్‌లోనో ఫోన్లోనో ఉండుంటా. ఈసారి ఎలాగైనా పట్టుకోవాలని శనివారం నుంచి రోజూ ఆరుంపావుకి ఒకే చోట, ఆ సిమెంటు బెంచీ ఎడమ కాలు దగ్గర నిలబడి, ఒక ఫోటో తీస్తున్నా. శని, ఆది, సోమ, మంగళ, బుధ. ఐదు ఫోటోలూ పక్కపక్కన పెడితే కవలలు. బుధవారం నాటిది జూమ్ చేస్తే కొమ్మల చివర సూదుల్లా ఏవో ఉన్నాయి, అవి మొగ్గలో నా కెమెరా మురికో తేల్చుకోలేకపోయా.

బుధవారం రాత్రి ఆఫీసు కాల్ ఒంటిగంటన్నర దాకా సాగింది. నా పని పది నిమిషాలు, మిగతా అంతా మ్యూట్‌లో కూచోవడం. దాంతో గురువారం లేవలేకపోయా. ఒక్క రోజు. ఆ ఒక్క రోజే.

ఇవాళ వెళ్ళి చూస్తే చెట్టంతా రాగి రంగు. చిగురు చిన్న చిన్నగా కూడా కాదు, అప్పుడే బొటనవేలంత ఆకులు, ఎంత పల్చగా ఉన్నాయంటే వెనక ఆకాశం కనబడుతోంది, కొత్తగా తోమిన చెంబులు కొమ్మలకి వేలాడదీసినట్టు మొత్తం మెరుస్తోంది. అప్పుడే ఎండ ఊరి మీంచి గట్టు దాకా వచ్చింది, ఆ ఆకుల్లోంచి పడి కింద అరుగు కూడా ఎర్రబడింది. బాగుంది, చాలా బాగుంది, కానీ నాకు ఒళ్ళు మండింది కూడా. పరీక్ష రోజే జ్వరం వచ్చినట్టు.

"అయ్యో, నిన్నే వేసింది కదమ్మా, నేను చూశాను, నీకు చెబుదామనుకుని మర్చిపోయా" అన్నారు పిన్నిగారు.

"ఎలా ఉంది పిన్నిగారూ, చిన్నగా ఉన్నాయా, ఎర్రగానేనా?"

"ఏమో, చిగురు చిగురులాగే ఉంది. నిన్న నీళ్ళు రెండు బెత్తెలు తగ్గాయి, నేను ఆ గాభరాలో ఉన్నా."

అంతే. ఈ చుట్టుపక్కల చెట్టు చిగురేసిన రోజుకి నాకు తెలిసిన ఒకే ఒక్క సాక్షి ఆవిడ, ఆవిడేమో నీళ్ళు చూసుకుంది.

తొమ్మిదిన్నరకి లాగిన్ అయి పనికి ముందు అదే వెతికా, లేతాకు ఎందుకు ఎర్రగా ఉంటుందని. లేతప్పుడు ఆకుపచ్చ రంగు పూర్తిగా తయారవదట, ఈలోగా ఆంతోసయనిన్ అనే ఎర్ర రంగు ముందొచ్చి, పసి ఆకుని ఎండ దెబ్బ నుంచి కాపాడుతుందట, పురుగులక్కూడా ఆ రంగు అంతగా రుచించదని కొందరంటారు. మామిడి చిగురూ అందుకే వంకాయ రంగు. పుట్టిన పిల్లకి దిష్టిచుక్క పెట్టినట్టే ఉంది కదా. ఇంకో గొడవేంటంటే పంచాంగం ప్రకారం ఇప్పుడింకా శిశిరం, ఫాల్గుణం అయ్యేదాకా వసంతం రాకూడదు. రావిచెట్టుకి ఎవరు చెప్తారు.

మధ్యాహ్నం అన్నం పెడుతూ అమ్మకి ఫోటో చూపించా. అమ్మకి కుడి కన్ను ఆపరేషనయి మూడు వారాలు, ఎడమది ఇంకా చెయ్యాలి. కట్టు విప్పిన రోజు ఇంటికొచ్చి గోడలు చూసి "ఎప్పుడు సున్నం వేయించావే" అనడిగింది. ఎప్పుడూ వేయించలేదు. ముసలి కంట్లో కటకం పసుపెక్కిపోయి అన్నీ ఆ పసుపులోంచే కనిపిస్తాయట, కొత్తది పెట్టాక తెలుపు తెలుపులా కనిపిస్తుందని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి అమ్మకి ఇదొక ఆట, ఏది కనబడినా ఒక కన్ను మూసి చూడ్డం, మళ్ళీ రెండో కన్ను మూసి చూడ్డం. నా చుడీదార్ ఈ కంటికి నీలం, ఆ కంటికి పాచి రంగు. పాల గిన్నె ఈ కంటికి పాలు, ఆ కంటికి టీ.

ఫోన్ తీసుకుని చాలాసేపు చూసింది. కుడి కన్ను మూసింది. "ఇది బెల్లం." ఎడమ కన్ను మూసింది. "ఇది గులాబీ." మళ్ళీ మార్చింది. "ఏది నిజమే?"

నాకు రాగిలా కనిపించింది అన్నా.

"నీకూ చత్వారం వస్తోందేమో చూపించుకో" అంది, అని ఫోన్ తిరిగిచ్చేసి "ఫోన్లో రంగులు నమ్మకూడదు, రేపు నన్నే తీసుకెళ్ళు" అంది. నాన్న పోయాక అమ్మ గట్టెక్కడం మానేసింది, కంటికి కనబడదని వంక చెప్పేది. ఇప్పుడు ఆ వంక సగం పోయింది.

దుమ్ము, ఎండ పడకూడదు కాబట్టి పొద్దున్నే వెళ్ళి ఎండెక్కేలోగా వచ్చెయ్యాలి. సందు చివర ఆటో అతనికి చెప్పా, ఆరింటికి వస్తానన్నాడు. పిన్నిగారు నడిచే వస్తారట, ఆటో కంటే ముందు చేరతానని పందెం కూడా వేశారు. రాత్రి కాల్ ఉందని మెసేజ్ వచ్చింది, నేను లేను అని పెట్టేశా, మ్యూట్‌లో ఎవరున్నా ఒకటే. అమ్మ నల్ల కళ్ళజోడు తుడిచి టీవీ మీద పెట్టుకుంది, తొమ్మిదికే పడుకుంది, ఇందాకే మంచినీళ్ళకి లేచి "ఆకుపచ్చగా అయిపోదు కదా ఈలోగా" అనడిగి మళ్ళీ పడుకుంది.