మా అమ్మా, బ్లెచ్లీ పార్క్ అమ్మాయిలూ

జనవరిలో అమ్మకి కంటి ఆపరేషన్ అయ్యింది. నెల రోజులు పుస్తకం ముట్టుకోవద్దన్నారు. చదవడానికేమీ లేకపోతే ఆవిడ చికాకంతా నా వంట మీద పడుతుంది. అందుకని రాత్రి భోజనాలయ్యాక నేను చదువుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

కేట్ క్విన్ నవల ‘ది రోజ్ కోడ్’ తీశాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్క్‌లో శత్రువుల రహస్య సందేశాలు విప్పే పనిలో చేరిన ముగ్గురమ్మాయిల కథ. పక్కనే ఇంకో పుస్తకం పెట్టుకున్నాను, నిజంగా బ్లెచ్లీలో పనిచేసిన మేవిస్ బేటీ రాసిన ‘డిల్లీ’. ఇది కథ కాదు, జరిగిన సంగతులు. నవల్లో బెత్ అనే పిల్లకి కొంతవరకు ఆధారం ఈ మేవిసే. ఆవిడ తన గొప్పలేం రాసుకోలేదు, తన పైఅధికారి డిల్లీ నాక్స్ గురించి రాసింది. “ఢిల్లీ ఆయనా?” అంది అమ్మ. కాదమ్మా, మనిషి పేరే డిల్లీ.

నవల మూడోవంతు చదివి ఆపాలి, అసలు పుస్తకంలోకి వెళ్లాలి, మళ్లీ నవలకి రావాలి. ఇది నేను పెట్టుకున్న పద్ధతి. నిజం ముందే తెలిసిపోతే నవల్లో తప్పులు వెతకడమే పనవుతుంది. నవల మొత్తం అయ్యాక మొదలుపెడితే రెండోది ఉప్పులేని పప్పులా ఉంటుంది.

అమ్మకి అన్నిటికన్నా నచ్చింది ‘ఎల్’ కథ. శత్రువులు తమ సందేశాలని రహస్య భాషలోకి మార్చడానికి వాడే యంత్రం ఎనిగ్మా. ఆ మెషిన్‌లో ఒక అక్షరం నొక్కితే వేరే ఏ అక్షరమైనా రావచ్చు కానీ అదే అక్షరం మాత్రం రాదు. ఓ రోజు మేవిస్ చేతికి ఒక ఇటాలియన్ సందేశం వచ్చింది. అంత పొడుగు సందేశంలో ఎక్కడా ఒక్క ‘ఎల్’ కూడా లేదు. ఎందుకు లేదు? ఉత్తుత్తి సందేశమొకటి పంపమంటే, అవతలి ఆపరేటరు కీబోర్డు చివరనున్న ‘ఎల్’ మీద వేలు పెట్టి అదే నొక్కుకుంటూ పోయాడు! మెషిన్ లోపలి వైరింగ్ ఎలా ఉందో ఆ బద్ధకం వల్లే దొరికిపోయింది.

అమ్మ పగలబడి నవ్వింది. 1973లో రాజమండ్రిలో టెలిగ్రాఫిస్టుగా చేరింది ఆవిడ. “లైను టెస్ట్ చెయ్యమంటే మేమూ అంతేనే. ఏదో ఒకటి కొట్టేవాళ్లం” అంది. అవతల కొట్టేది ఎవరో పేరు చెప్పకపోయినా తెలిసిపోయేదట, ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో రకంగా వినబడుతుందట. ఇంగ్లండులో రేడియో వినే ఆడపిల్లలు కూడా జర్మన్ ఆపరేటర్లని ఇలాగే ఆనవాలు పట్టేవాళ్లు. ఆ సంగతి నేను చెప్పేలోపే అమ్మ చెప్పేసింది.

1941 మార్చిలో మేవిస్‌కి 19 ఏళ్లు. ఇటాలియన్ నౌకాదళం సందేశం ఒకటి విప్పితే, ఇవాళ్టికి సరిగ్గా మూడు రోజులుంది అన్న ముక్క ఒక్కటే బయటపడింది. ఏం జరగబోతోందో తెలీదు. డిల్లీ మనుషులు మూడు రోజులు రాత్రింబవళ్లు కూర్చున్నారు. చివరికి పూర్తి వివరాలు దొరికేసరికి రాత్రి పదకొండు, బయట కుండపోత వాన. ఆ వానలో కాగితం పట్టుకుని పరుగెత్తింది మేవిస్. గ్రీసు దేశపు మటపాన్ అగ్రం దగ్గర బ్రిటిష్ అడ్మిరల్ కన్నింగ్‌హామ్ ఇటలీ క్రూయిజర్లు మూడు, డిస్ట్రాయర్లు రెండు ముంచేశాడు.

తర్వాత ఆ అడ్మిరల్ థాంక్స్ చెప్పడానికి స్వయంగా వచ్చాడు. వీళ్లు పనిచేసే చిన్న ఇంటి గోడలకి అప్పుడే సున్నం వేశారు. అమ్మాయిలు మాటల్లో పెట్టి ఆయన్ని గోడకి ఆనుకునేలా చేశారు. నీలం యూనిఫాం వెనకంతా తెలుపు! ఇలాంటి ముక్క కోసమే నవల పక్కన అసలు పుస్తకం ఉండాలంటాను.

నవలని తక్కువ చెయ్యడం లేదు. బెత్ వాళ్లమ్మ పెట్టే ఆరళ్లు, ఇంట్లో నోరెత్తలేని పిల్ల ఆఫీసులో రాణిలా మారడం, ఇదంతా క్విన్ బాగా రాసింది. ద్రోహి ఎవరన్న సస్పెన్స్ మాత్రం నాకు కాస్త ఎక్కువైంది. అమ్మకి కాలేదు. రాత్రి పన్నెండున్నర వరకు నన్ను చదివించింది.

ఇలాగే నవలకి నిజం పుస్తకం తోడుగా ఇంకో జత ఉంది, దాని మీద ఎక్కువ చెప్పను. బ్లెచ్లీ మీదే రాసిన రాబర్ట్ హారిస్ నవల ‘ఎనిగ్మా’లో హీరో మగవాడు, అంత తెలివైన హెస్టర్‌దేమో గుమాస్తా పని. అది చదివి ఒళ్లు మండినవాళ్లు లైజా మండీ ‘కోడ్ గర్ల్స్’ తియ్యండి. అది అమెరికా అమ్మాయిల చరిత్ర. లెక్కల టీచరు ఉద్యోగం దొరక్క ఇటొచ్చిన జెనెవీవ్ గ్రోజన్, 1940 సెప్టెంబర్ 20న జపాన్ రాయబారులు వాడే రహస్య లిపి ‘పర్పుల్’లో కీలకమైన చోటు కనిపెట్టింది. కాగితం మీద వేలు పెట్టి చూపించి ఊరుకుంది. మగవాళ్లు గెంతులేశారు, కోకాకోలాలు తెప్పించుకున్నారు.

బ్లెచ్లీ సంగతి 1970ల దాకా బయటికి రాలేదని చెప్పాను. ముప్పై ఏళ్లు మొగుడికి కూడా చెప్పనివాళ్లు ఉన్నారంటే అమ్మకి ఆశ్చర్యం వెయ్యలేదు. కాసేపాగి, “మన వీధిలో వాళ్లకే ఒకసారి టెలిగ్రామ్ వచ్చింది. తీసుకున్నది నేనే. సాయంత్రం ఆవిడ పెరుగు తోడుకి మనింటికొచ్చింది. టెలిగ్రామ్ ఇంకా వాళ్లింటికి చేరలేదు. గిన్నెలో తోడు వేసిచ్చి పంపించాను” అంది.

“ఎవరమ్మా? ఏముంది అందులో?”

“చెప్పకూడదే” అని దుప్పటి కప్పుకుంది. టెలిగ్రామ్‌లే ఆగిపోయి ఇన్నేళ్లయింది కదమ్మా అన్నాను. ఎన్ని విధాల అడిగినా ఉహూ.