మెడ విరవనివ్వలేదు

కటింగ్ అయిపోయాక అలవాటుగా నాయన గదవ పట్టుకుని మెడ విరవబోయిన బార్బర్ చేతిని ఈ ఉదయం నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి షాపులో నేను గట్టిగా పట్టుకుని ఆపాను.

"ఇన్నేండ్ల సంది చేపించుకుంటున్న, ఏమైతది బిడ్డా" అని నాయన చిన్నబుచ్చుకున్నారు. లేచి చొక్కా పైగుండీ పెట్టుకోబోతే వేళ్లు మూడుసార్లు తడబడ్డాయి. వయసు వల్లనే అని ఇంట్లో అందరం అనుకున్న ఆ తడబాటు మెడలోంచి వస్తోంది.

మెడలో మామూలుగా సుమారు 17 మిల్లీమీటర్లుండే వెన్నుపాము దారి ఎముకల అరుగుదలతో 13 కంటే సన్నబడితే, ఏ ఎముకా విరగకుండానే, జారిపడి తల ఒక్కసారిగా వెనక్కి వాలినంత మాత్రాన వెన్నుపాము నలగవచ్చునని, అప్పుడు కాళ్లకంటే చేతులే ఎక్కువగా చచ్చుబడతాయని డాక్టరు చెప్పిన మాట నన్ను వదలడం లేదు.

గుండీ నేనే పెట్టాను. సాయంత్రం స్నానాల గది గోడకు పట్టుకునే కడ్డీ బిగించాను.