బ్రహ్మకపాలంలో నాన్నకి పిండం

నిన్న రాత్రే బదరీనాథ్ నుంచి ఇల్లు చేరాం. ఒళ్లంతా నొప్పులే, కానీ మొక్కు తీరింది.

పోయినేడు నాన్న చితి దగ్గర కాటికాపరి ఒక మాటన్నాడు. “పుర్రె ఇంకా కాలలేదు, కాసేపు ఆగండి బాబూ.” అతని పని భాష అది, తప్పు లేదు. కానీ పొద్దున్న నేను దువ్విన తల సాయంత్రానికి పుర్రె అయిపోయిందా అని ఏడాదంతా ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. సంవత్సరీకం కాగానే బ్రహ్మకపాలంలో పిండం పెడతానని ఆ రోజే మొక్కుకున్నా.

జోషీమఠ్ దాటాక దారంతా ట్రాఫిక్. తప్తకుండం దగ్గర మునగడానికి చోటు లేదు, మెట్ల మీద సెల్ఫీల గోల. పితృకార్యానికి వచ్చి విసుక్కుంటున్నానే అని సిగ్గు కూడా వేసింది.

గుడికి కాస్త అవతల, అలకనంద ఒడ్డున బ్రహ్మకపాలం. అక్కడ నిజంగా పుర్రె ఉంటుందని చిన్నప్పటి నుంచీ అనుకునేవాణ్ణి. ఉన్నది బండ. శివుడి చేతికి అంటుకున్న బ్రహ్మ తల ఊడిపడింది అక్కడే మరి. సంకల్పం చెప్పుకుంటుండగా వాన మొదలైంది. విస్తట్లో అన్నం ముద్దలు కరిగిపోతుంటే పక్కన కూర్చున్న పెద్దాయన, ఏ ఊరో ఏ గోత్రమో, తన గొడుగు నా విస్తరి మీద పట్టాడు. ఆయన తడుస్తున్నాడు. నా మంత్రం అయ్యేదాకా చెయ్యి దించలేదు. లేచి చూసేసరికి జనంలో కలిసిపోయాడు.

అదృష్టం కొద్దీ తెలుగు పంతులుగారే దొరికారు. ఉండబట్టలేక అడిగాను, పుర్రె అనడం కంటే కపాలం అంటే మర్యాదా అండీ అని. ఆయన నవ్వారు. “కపాలమంటే కుండపెంకు కూడా నాయనా. యజ్ఞంలో పురోడాశం, అదే హోమంలో వేసే పిండిరొట్టె, కాల్చేది కపాలాల మీదే. తల ఎముకా అలాగే వంపు తిరిగి ఉంటుంది కదా. మనవాళ్లు పుర్రెచిప్ప అనరూ?”

నాన్న చుట్టూ తిరిగిన కుండ గుర్తొచ్చింది. భుజం మీద నుంచి వదిలేశాక వెనక పగిలిన చప్పుడు. తిరిగి చూడకూడదన్నారు, చూడలేదు.

స్వామి దర్శనానికి నాలుగు గంటలు లైన్లో నిలబడ్డాం. తలెత్తేలోగా వెనకవాళ్లు తోసేశారు. నాకు దక్కింది కిరీటం కింద నల్లటి నుదురు ఒక్కటే.

మోకాళ్ల నొప్పులతో రాలేకపోయిన అమ్మకి ఫోన్ చేస్తే ముందు అదే అడిగింది.

“పుర్రె ఉందట్రా అక్కడ?”

“పెంకేనమ్మా” అన్నాను.