మీ ఊళ్ళో కరెంటే బాగోలేదన్నారు: నా అనుభవం

చెరువు సెన్సార్ డ్రైవర్‌కి నేను రాసిన ప్యాచ్ (తప్పు దిద్దే కోడ్ ముక్క) ఇవాళే అసలు కోడ్‌లో మెర్జ్ అయింది. మంట చల్లారకముందే రాసేస్తున్నా.

పశ్చిమగోదావరి జిల్లా ఉండి దగ్గర రొయ్యల చెరువుల మీద మేం పెట్టిన డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) సెన్సార్ డబ్బాల్లో లైనక్స్ నడుస్తుంది. సెన్సార్‌తో మాట్లాడే యూఎస్‌బీ డ్రైవర్ రాసినాయన మానేసి వెళ్ళిపోయాడు, అది నా నెత్తిన పడింది. బోర్డు తెచ్చుకోవడం, కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) బిల్డ్ చెయ్యడం మామూలే.

గొడవల్లా రాత్రిపూట. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు డబ్బా చచ్చిపోయేది. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, అలారం మూగబోయేదీ అప్పుడే. రైతుగారు ఫోన్ చేసి, "ఏవండీ ఇంజనీరుగారూ, మీ డబ్బా మళ్ళీ పడుకుందండి. నేనే లేచి కాపలా కాస్తన్నానండి, ఆయ్" అనేవారు.

హైదరాబాద్ టీంకి చెబితే, అందరూ ఉన్న కాల్‌లో, "మా ల్యాబ్‌లో రావట్లేదే, ముందు మీ ఊళ్ళో కరెంటు సంగతి చూసుకోండి" అన్నాడు సీనియర్. నవ్వులు. ల్యాబ్‌లో యూపీఎస్ ఉంటే ఎందుకొస్తుంది? ఇక్కడ బోర్డుకి బ్యాటరీ ఉంది, సెన్సార్ తగిలించిన యూఎస్‌బీ హబ్‌కి లేదు.

మెమరీ తప్పులు పట్టే కేఏసాన్ పెట్టి కెర్నల్ మళ్ళీ కట్టి, చెరువుగట్టు మీద కూర్చుని హబ్ వైరు పీకాను. 'స్లాబ్-యూజ్-ఆఫ్టర్-ఫ్రీ' అని వచ్చింది, అంటే ఫ్రీ చేసేసిన (తిరిగి ఇచ్చేసిన) మెమరీని మళ్ళీ ముట్టుకున్నారని. మెమరీని ముట్టుకున్నది లాగర్ ప్రోగ్రాం ఫైలు మూసేటప్పుడు నడిచే రిలీజ్ ఫంక్షన్. ఫ్రీ చేసింది డెవ్‌రెస్_రిలీజ్_ఆల్, అంటే డ్రైవర్ విడిపోగానే దాని మెమరీ వదిలించే కెర్నల్ ఫంక్షన్.

అసలు సంగతి అక్కడుంది. పాత కోడ్‌లో డివైస్ వివరాలుండే స్ట్రక్చర్‌కి మెమరీని డెవ్‌ఎం_కేజెడ్‌అలాక్‌తో తీసుకున్నారు. ఆ మెమరీ ఆయుష్షు డివైస్‌కి డ్రైవర్ అంటిపెట్టుకుని ఉన్నంతవరకే. హబ్ పోగానే డిస్‌కనెక్ట్, వెంటనే ఫ్రీ. ఫైలు ఇంకా తెరిచి ఉందా అని అడిగే నాథుడు లేడు. లీజు అయిపోయిందని, లోపల రొయ్య ఉందో లేదో చూడకుండా గట్టు తెంచేసినట్టు.

డెవ్‌ఎం తీసేసి కెరెఫ్ పెట్టాను, అంటే మెమరీని ఎంతమంది వాడుతున్నారో పెట్టుకునే లెక్క. గెట్ అంటే లెక్క ఒకటి పెంచడం, పుట్ అంటే ఒకటి తగ్గించడం. ప్రోబ్‌లో (డివైస్ తగిలించగానే నడిచేది) ఇనిట్, అప్పుడు లెక్క 1. ఓపెన్‌లో గెట్, ఫైలు మూస్తే పుట్. డిస్‌కనెక్ట్‌లో యూఆర్‌బీలు (యూఎస్‌బీ మీద పంపే అభ్యర్థనలు) ఆపి, ప్రోబ్ వాటా పుట్. చివరి పుట్ ఎవరిదైతే వాళ్ళ చేతిమీదుగా ఫ్రీ.

"ఇంత అవసరమా? డిస్‌కనెక్టెడ్ అని ఒక ఫ్లాగ్ పెట్టి చెక్ చేస్తే పోలా?" అని రివ్యూలో అదే సీనియర్. అయ్యా, ఆ ఫ్లాగ్ ఉండేదే ఫ్రీ అయిపోయిన స్ట్రక్చర్‌లో! ఫ్లాగ్ కావాలి, కాదనను, నేనూ పెట్టాను, మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే రానిచ్చే తాళం) కింద. కానీ అది చదవాలంటే ముందు మెమరీ బతికుండాలిగా. వాదించి లాభం లేదని, కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి ఆయన ఫ్లాగ్ వెర్షన్ లోడ్ చేసి అందరి ముందూ వైరు పీకాను. పడిపోయింది. నాది లోడ్ చేసి పీకాను. పడలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కెరెఫ్ 2004 నుంచీ కెర్నల్‌లో ఉన్నదే. కెర్నల్ సోర్సులోనే యూఎస్‌బీ-స్కెలిటన్ అనే నమూనా డ్రైవర్‌లో ఇదంతా రాసి పెట్టారు, జీతం తీసుకునేవాళ్ళు ఒక్కసారి తెరిచి చూడొచ్చు. కొత్తవాళ్ళు ఇంకోటి చూసుకోండి: ప్రతి రిటర్న్ దారిలోనూ పుట్ ఉందా అని. కెర్నల్‌లో కీలు, పాస్‌వర్డ్‌ల లాంటివి దాచే కీరింగ్ కోడ్‌లో ఒక దారిలో పుట్ లేక, 32 బిట్ల లెక్క తిరిగి సున్నాకొచ్చి, రూట్ యాక్సెస్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం) దొరికే లోపం 2016లో బయటపడింది. 2017లో కెర్నల్ 4.11తో వచ్చిన రిఫ్‌కౌంట్_టీ అనే లెక్క రకం అలా తిరగదు, పైన బిగుసుకుపోతుంది. మెమరీ లీకైతే అవుతుంది, ప్రాణం పోదు.

రిలీజ్ నోట్స్‌లో "పవర్ హ్యాండ్లింగ్ మెరుగుపరిచాం" అని ఒక్క ముక్క వేశారు, ఆ సీనియర్ పేరుతో. గట్టు మీద జనరేటర్‌కి నేను పోసిన డీజిల్ బిల్లు ఇంకా పాస్ కాలేదు.