దాచేవి, దాచకూడనివి

అమెరికాలో పనిచేసే తెలుగువాళ్ళకు ‘జాబ్ సపోర్ట్’ అంటే ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ప్రాజెక్టులో చేరినవాడికి పని రాదు. పని తెలిసినవాడు హైదరాబాద్‌లో ఉంటాడు. నెలకు ఇంతని మాట్లాడుకుంటారు. వేసవిలో డాలస్‌లో ఉదయం తొమ్మిదయితే అక్కడ రాత్రి ఏడున్నర. తన ఉద్యోగం ముగించుకుని ఆయన కూర్చుంటాడు; ఇక్కడివాడు తెర చూపిస్తాడు, అక్కడివాడు కోడ్ చెబుతాడు. వాట్సాప్ గ్రూపుల్లో దీనికి ప్రకటనలు కూడా వస్తుంటాయి.

పని రాకపోవడం తప్పని నేను అనను. కొత్తలో ఎవరికీ రాదు. కానీ ఆ తెర మనది కాదు. నా బాధంతా అక్కడే.

క్రిందటేడు దూరపు బంధువుల అబ్బాయి ఒకరోజు ఫోన్ చేసి, “అన్నా, ఒక్క గంట చూడు, చాలు” అని బతిమాలాడు. ఆస్పత్రుల బీమా సాఫ్ట్‌వేర్‌లో నాకు చాలాకాలం అనుభవం ఉందని వాళ్ళ నాన్న చెప్పారట. కంపెనీ ల్యాప్‌టాప్‌లో బయటి మీటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. అందుకని తన ఫోనును పుస్తకాలకు ఆనించి, కెమెరా తెరవైపు తిప్పి వీడియో కాల్ చేశాడు. తెరమీద క్లెయిముల పట్టిక కనిపించింది. ఒక వరుసలో ఒకావిడ పేరు, పుట్టిన తేదీ, ఆ పక్కన సి50తో మొదలయ్యే జబ్బు కోడ్. ఈ రంగంలో ఉన్న ఎవరికైనా అది రొమ్ము క్యాన్సర్ అని చూడగానే తెలుస్తుంది. ఆవిడ తన పిల్లలకు చెప్పుకుందో లేదో గాని, ఏ సంబంధమూ లేని నాకు తెలిసిపోయింది.

“ముందు ఫోన్ పక్కకు తిప్పు” అన్నాను.

“మనవాళ్ళమే కదన్నా, నువ్వెవరికి చెబుతావు?” అన్నాడు. నిజంగానే అలా నమ్మి అన్నాడు. చెడ్డవాడేమీ కాదు.

ఆ నమ్మకం ఎంతదూరం తీసుకెళ్తుందో విస్కాన్సిన్ కేసు చూస్తే తెలుస్తుంది. ఆస్పత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎపిక్ సిస్టమ్స్ 2014లో టీసీఎస్‌పై మాడిసన్‌లోని ఫెడరల్ కోర్టుకు వెళ్ళింది. కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ ఎపిక్ సాఫ్ట్‌వేర్ వాడేది. టీసీఎస్ ఆ కైజర్‌కు పనిచేసేది. టీసీఎస్ ఉద్యోగి ఒకరు కైజర్ మనిషినని చెప్పి ఎపిక్ వినియోగదారుల వెబ్‌సైటుకు లాగిన్ తెచ్చుకున్నారు. తర్వాత ఆ లాగిన్ తోటివాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. డౌన్‌లోడ్ అయిన పత్రాలు 6,000 పైమాటే. టీసీఎస్‌కు మెడ్ మంత్ర అనే సొంత ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్నీ ఎపిక్‌నూ పక్కపక్కన పెట్టి తయారుచేసిన పోలిక పట్టిక ఒకటి బయటపడింది. తప్పేమీ జరగలేదని కంపెనీ వాదించింది. 2016లో జ్యూరీ 94 కోట్ల డాలర్లు కట్టమంది. జడ్జి దాన్ని 42 కోట్లకు దించారు. 2020లో అప్పీలు కోర్టు, ఆ పోలిక పట్టిక వల్ల కలిగిన లాభానికి లెక్కగట్టిన 14 కోట్లను ఉంచి, శిక్షగా విధించే సొమ్ము కూడా 14 కోట్లు మించకూడదంది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఒకటుంది. విషయాన్ని బయటపెట్టినవాడు పోటీదారు కాదు, కైజర్ పని చూసుకునే టీసీఎస్ ఉద్యోగే.

యూఎస్‌బీ పోర్టులు మూసేయడం, బ్యాడ్జి లేనిదే తలుపు తెరవకపోవడం, ప్రింటు తీస్తే లెక్క రాసుకోవడం చూసి మనమీద అనుమానమని చాలామంది నొచ్చుకుంటారు. 2016 నాటి ఫెడరల్ వాణిజ్య రహస్యాల చట్టం ప్రకారం, రహస్యాన్ని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్తలు తీసుకున్న కంపెనీకే రక్షణ దొరుకుతుంది. తాళం వేయకపోతే రేపు కోర్టులో అది రహస్యమే కాదంటారు. ఆ తాళం చుట్టూ ఫోన్ కెమెరాతో దారి చూసుకునేవాడు కంపెనీతో పాటు తననూ ఇరకాటంలో పెట్టుకుంటున్నాడు. రోగుల వివరాలైతే, వాటి గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టం వేరే ఉంది.

అయితే మనకు మిగిలేదేమీ లేదనుకోవద్దు. ఇన్నేళ్ళలో వచ్చిన నేర్పు, క్లెయిము ఎక్కడ ఆగిపోతుందో పసిగట్టే కన్ను మనవే. ఫలానా సంగతి తెలిసినవాడన్న ఒక్క కారణంతో వేరే చోట ఉద్యోగం చేయకుండా ఆపడానికి ఆ 2016 చట్టమే ఒప్పుకోదు. కాలిఫోర్నియాలోనైతే పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు దాదాపుగా చెల్లదు. నేర్పు తీసుకెళ్ళండి, ఫైళ్ళు వదిలేయండి. ఉద్యోగం పోయిన రోజున ఇది మరీ ముఖ్యం. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి మరో దారి చూసుకోవడానికి సాధారణంగా గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ కంగారులో పాత కోడ్‌ను సొంత మెయిలుకు పంపుకుంటే, కొత్త ఉద్యోగం వెతుక్కోవాల్సిన సమయం వకీలు కోసం వెతకడానికి పోతుంది.

రెండోవైపు చూస్తే కడుపు మండుతుంది. మనల్ని తమ ఉద్యోగులుగా పెట్టుకుని క్లయింట్ల దగ్గరికి పనికి పంపే కొన్ని కన్సల్టెన్సీలు చేరేటప్పుడే గోప్యత ఒప్పందం మీద సంతకం తీసుకుని, ‘నీ జీతం ఎవరికీ చెప్పకు, క్లయింట్ మాకెంత ఇస్తున్నాడో అడగకు’ అంటాయి. క్లయింట్ తెర హైదరాబాద్‌కు చూపిస్తే మాత్రం పట్టించుకోవు, ఒక్కోసారి ఆ మనిషిని కుదిర్చేదీ అవే. మామూలు ఉద్యోగులు తమ జీతాల గురించి తమలో తాము మాట్లాడుకునే హక్కును అమెరికా కార్మిక చట్టం కాపాడుతుంది. చట్టవిరుద్ధమైన పని జరుగుతోందన్న అనుమానంతో ప్రభుత్వాధికారికో వకీలుకో రహస్యంగా చెప్పినవారిని వాణిజ్య రహస్యాల చట్టం కూడా బాధ్యులను చేయదు. ఒప్పందంలో ఏం రాసి ఉన్నా సరే.

ఆ అబ్బాయి మర్నాడు తన టీమ్ లీడ్‌ను కలిసి, క్లెయిముల పని తనకు కొత్తని చెప్పాడు. ఆవిడ కల్పిత పేర్లతో ఉన్న శిక్షణ డేటాబేసు ఇచ్చి, రెండు వారాలు పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇప్పుడు అతని సందేహాలు నాకు మాటల్లోనే వస్తాయి, తెర కనిపించదు. మొన్న వచ్చింది మాత్రం కోడ్ గురించి కాదు. హెచ్1బీ కోసం యజమాని కార్మిక శాఖకు పెట్టే దరఖాస్తు ఎల్‌సీఏ. పనిలో చేరిన రోజుకల్లా చేతికి రావాల్సిన దాని నకలు కన్సల్టెన్సీ ఇప్పటికీ ఇవ్వలేదట, ‘కంపెనీ రహస్యం’ అన్నారట. అందులో ఉండేది అతనికి ఇవ్వాల్సిన జీతం, పనిచేసే ఊరు. కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయవచ్చని, ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు చేయాలని చెప్పాను. ఈ వారాంతం ఇద్దరం కూర్చుని నింపుతున్నాం.